యంత్రమానవుని ధర్మసూత్రములు: అసిమోవ్ కథలపై ఒక విమర్శ

ఆంగ్లమున వైజ్ఞానిక కథలు వ్రాసి ఖ్యాతి గాంచినవారిలో ఐజాక్ అసిమోవ్ ఒకడు. రోబోట్లకు, అనగా యంత్రమానవులకు, ఆయన విధించిన మూడు సూత్రములు ఆ కథలను చదువనివారికిని పరిచితములే. వానిని అమలుపరచినచో యంత్రములవలన మనకు భయముండదని పలువురు తలంచుచున్నారు. కాని 1950లో 'ఐ, రోబోట్' అను సంపుటముగా వెలువడిన ఆ కథలను శ్రద్ధగా చదివినచో విపరీతార్థమే తోచును. దానిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

రోబోటు మానవునకు హాని చేయరాదు, ఊరకుండి హాని జరుగనీయరాదు అనునది మొదటి నియమము. దానికి లోబడి మానవుని ఆజ్ఞను పాటించుట రెండవది. ఈ రెంటికిని లోబడి తన్ను తాను కాపాడుకొనుట మూడవది. ఇవి మూడును 1942 నాటి 'రన్‌ఎరౌండ్' కథలో తొలిసారి స్పష్టముగా కూర్పబడినవి. గమనింపదగినదేమనగా, ఆ కథలోనే అవి బెడిసినవి.

బుధగ్రహముపై స్పీడీ అను రోబోటును సెలీనియము తెమ్మని పంపుదురు. ఆజ్ఞ గట్టిగా ఈయబడలేదు. రోబోటు మిక్కిలి విలువైనది గనుక ఆత్మరక్షణ నియమమును మాత్రము దృఢపరచియుండిరి. సెలీనియపు మడుగుకడ అపాయము కలదు. ఆజ్ఞ ముందుకును ఆత్మరక్షణ వెనుకకును సమానముగా లాగగా, అది గానుగెద్దువలె మడుగుచుట్టును తిరుగజొచ్చెను. పావెల్ అనునతడు తన ప్రాణమును అపాయమునకు ఒడ్డి మొదటి నియమమును మేల్కొల్పినగాని అది దారికి రాలేదు. సూత్రములను గట్టెక్కించినది మనుష్యుని యుక్తియే.

1941 నాటి 'లయర్' కథలోని హెర్బీ ఇతరుల మనస్సులను చదువగలదు. మనస్సు నొచ్చుటయు హానియే గదా! కావున అది అందరికిని ప్రియములైన అసత్యములనే పలికెను. ఆ అసత్యములే తరువాత అధికదుఃఖమునకు హేతువులాయెను. చెప్పినను హాని, చెప్పకున్నను హాని యను సంకటమున దాని బుద్ధియే భగ్నమాయెను. మన భారత కర్ణపర్వములోని కౌశికుడు దీనికి రెండవ ప్రక్క. సత్యవ్రతమును వీడలేక అతడు దొంగలకు నిజము చెప్పెను, దాగినవారు హతులైరి, అతనికి నరకము ప్రాప్తించెను. ఒకరు సత్యమునకును ఒకరు ప్రియమునకును కట్టుబడి, వివేకము లేక చెడిరి.

1947 నాటి 'లిటిల్ లాస్ట్ రోబోట్' లోకరీతికి మరింత దగ్గర. స్వల్పమైన వికిరణము నడుమ పనిచేయువారిని రోబోట్లు హానిభయముచే ఈడ్చుకొని పోవుచుండగా, నిర్మాతలు కొన్నింటియందు మొదటి నియమమున సగము తొలగించిరి. పనికి అడ్డు వచ్చినపుడు మనుష్యులు పనిని గాక నియమమును కుదింతురనుట ఇచ్చటి సత్యము.

ఇంత సూక్ష్మముగా చూచిన రచయితయు ఒకచోట యంత్రమునకు అధికజ్ఞానమును ఊరకయే దానము చేసినాడు. ఎదుటనున్నది మనుష్యుడని ఆయన రోబోట్లు సాధారణముగా సులభముగానే గుర్తించును. వాస్తవమున కష్టమంతయు అచ్చటనే కలదు. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపీ నగరమున, తనంత తాను నడచుటకు పరీక్షింపబడుచున్న కారొకటి సైకిలును నడిపించుకొనుచు రోడ్డు దాటు స్త్రీని ఢీకొనగా ఆమె మరణించెను. తాకిడికి 5.6 సెకండ్లకు ముందే పరికరములు ఆమెను కనుగొన్నవి. కాని యంత్రము ఆమెను ఒకమారు వాహనమనియు, ఒకమారు మరేదో వస్తువనియు, ఒకమారు సైకిలనియు తలంచెను. నిర్ణీతస్థలమున గాక వేరొకచోట మనుష్యులు దాటుదురను తలంపే ఆ కార్యక్రమమున లేదు. హాని చేయరాదను నియమమును ఎంత గట్టిగా వ్రాసియున్నను, మనుష్యుని మనుష్యుడని యెరుగని యంత్రమును అది నిలుపజాలదు.

మరి బాధ్యత యెవరిది? ఆ ప్రమాదమున కారులో కూర్చుండిన ఉద్యోగిని 2023లో నేరము నంగీకరించెను. సంస్థపై నేరాభియోగము మోపబడలేదు. ప్రభుత్వ విచారణసంఘము మాత్రము 2019లో ఆమె అజాగ్రత్తతోపాటు సంస్థ భద్రతాలోపములను గూడ ఎత్తిచూపెను.

కావున అసిమోవ్ సూత్రములు వ్యర్థములని నా వాదము కాదు. అవి ప్రశ్నలుగా అమూల్యములు, శాసనములుగా అసమర్థములు. బ్రిటన్‌లో 2010లో సమావేశమైన పండితులు బాధ్యత రోబోట్లది కాదు, మనుష్యులదే యని నిర్ణయించిరి. అది సమంజసము. ధర్మసూత్రము యంత్రపు మెదడులో గాక, దానిని చేసినవాని మెడకును, వీధిలోనికి వదలినవాని మెడకును కట్టవలసియున్నది.