175 గ్రాముల తగవు

మా చెల్లెలు వాళ్ళుండేది బెసెంట్ నగర్‌లో. ఊరిని చెన్నై అనాలని మా అక్కచెల్లెళ్ళ పిల్లలు ఎన్నిసార్లు దిద్దినా నా నోటికి మద్రాసే వస్తుంది. అక్కడికి వెళ్ళినప్పుడల్లా తెల్లవారకుండానే ఇలియట్స్ బీచికి నడక. ఎవరో మునిగిపోతుంటే కాపాడబోయి 1930లో ప్రాణం పోగొట్టుకున్న డేనిష్ నావికుడు ష్మిట్ పేర కట్టిన తెల్లని మంటపం ఉంది చూడండి, దాని నీడ దాకా వెళ్ళి కూర్చోవడం నాకు సరదా.

ఈసారి చెల్లెలి కూతురు కూడా వచ్చింది. నడకకి కాదు, ఆటకి. ఇసకలో చెప్పులు గుర్తులుగా పెట్టుకుని ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఒక ప్లాస్టిక్ పళ్ళెం విసురుకుంటున్నారు. అల్టిమేట్ ఫ్రిస్బీ అట. అసలు మైదానంలో అయితే జట్టుకి ఏడుగురు; కలిసి ఆడేటప్పుడు నలుగురొక వర్గం, ముగ్గురొక వర్గం. పళ్ళెం చేతిలో ఉన్నవాళ్ళు పరుగెత్తకూడదు, విసరాల్సిందే. అవతలి గీత దాటి మనవాళ్ళు పట్టుకుంటే ఒక పాయింటు. ఇంతే.

నేను చూస్తుండగానే మా పిల్ల పళ్ళేనికి ఎగిరింది, ఒక కుర్రాడు వచ్చి భుజంతో గుద్దాడు. "ఫౌల్" అంది. ఆట ఆగిపోయింది. అతను కాదన్నాడు. ఇద్దరూ నిలబడి అరనిమిషం మాట్లాడుకున్నారు. దగ్గరగా చూసిన మరో పిల్లని అడిగారు. ఎటూ తేలలేదు. పళ్ళెం విసిరినవాళ్ళ చేతికే మళ్ళీ వెళ్ళింది, ఆట సాగింది.

"ఇంతకీ తీర్పు ఎవరు చెప్పారే?" అన్నాను తర్వాత.

"అంపైరు ఉండడు పెద్దమ్మా. మేమే చెప్పుకోవాలి. ప్రపంచ పోటీల్లోనూ అంతే."

సాయంత్రం తన ఫోన్‌లో ఒక చిన్న సినిమా చూపించింది. పేరు '175 గ్రామ్స్'. అది ఆ పళ్ళెం బరువు. పావుకిలో చింతపండు అంత కూడా లేదు! చెన్నై ఫ్లై వైల్డ్ జట్టు గురించిన ఈ చిత్రం 2015లో సన్‌డాన్స్ సంస్థ పెట్టిన లఘుచిత్రాల పోటీలో నెగ్గింది. సముద్రం బాగుంది, పరుగులు బాగున్నాయి. డబ్బున్న ఇళ్ళ పిల్లలూ లేని ఇళ్ళ పిల్లలూ ఒక జట్టులో భుజం భుజం కలిపి నవ్వుతుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. కాదనను.

కానీ సినిమా అయ్యాక నా మనసులో మిగిలింది ఆ కలిసిపోవడం ఒక్కటే. పొద్దున్న నేను చూసిన తగవు ఎక్కడా మిగల్లేదు. నన్నడిగితే ఈ ఆట చరిత్ర అంతా ఆ తగవులోనే ఉంది.

చూడండి, 1968లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం మేపుల్‌వుడ్‌లో కొలంబియా హైస్కూలు పిల్లలు దీన్ని సగం వేళాకోళంగానే మొదలుపెట్టారు. బడి దగ్గర కార్లు నిలిపే చోటే వాళ్ళ మైదానం. పెద్దవాళ్ళెవరూ లేరు కనక తగవులు తామే తీర్చుకున్నారు. అలాంటి పిల్లల ఆటని 2000 దాటాక మన బంగాళాఖాతపు ఒడ్డున ఆడటం మొదలుపెట్టారు. వలా అక్కర్లేదు, స్తంభాలూ అక్కర్లేదు, ఇసకకి అద్దె లేదు. పక్కనే ఊరూర్ కుప్పం. పుదియదోర్ లాంటి సంస్థలు పేదపిల్లలకి దీన్ని నేర్పాయి. ఇంగ్లీషు గడగడా మాట్లాడే కంపెనీ ఉద్యోగులూ, జాలరి ఇళ్ళ పిల్లలూ ఎదురెదురుగా నిలబడ్డారు.

అసలు చిక్కు ఇక్కడే. అంపైరు లేకపోతే ఎవరి మాట చెల్లుతుంది? రూల్సు పుస్తకం ఉన్నది ఇంగ్లీషులో. గొంతున్నవాడిదే గెలుపు కాదూ? ఆట అయ్యాక రెండు జట్లూ గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటాయట, ఒకరికొకరు మార్కులు వేసుకుంటాయట. రూల్సు తెలియడం, ఒంటికి ఒళ్ళు తగలకుండా ఆడటం, న్యాయం, నిగ్రహం, మాట తీరు: అయిదింటికీ తలా నాలుగు మార్కులు. మంచి ఏర్పాటే. కానీ మా పిల్ల చెప్పింది వినండి.

"మొదటి ఆర్నెల్లు నేనొక్కసారీ ఫౌల్ అనలేదు పెద్దమ్మా. మోచెయ్యి తగిలి వాచినా నోరు మూసుకున్నాను."

"ఎందుకే?"

"గొడవెందుకులే అని."

ఆ మాట నాకు కొత్తా? ముప్ఫై ఏళ్ళ కాపురంలో రోజుకి నాలుగుసార్లు అనుకున్నదే. కుప్పం నుంచి వచ్చిన ఒక అబ్బాయి కూడా మొదట్లో అలాగే ఊరుకునేవాడట. నోరు మూసుకునే ఆ ఇద్దరూ ఏ రోజున నోరు విప్పారు, అవతలివాళ్ళు దాన్ని ఎలా విన్నారు? ఆ ఘడియని చూపించే సినిమా కోసం నేను కాచుక్కూర్చున్నాను. నవ్వుతూ చెయ్యీ చెయ్యీ చరుచుకోవడం ఎవరికైనా వస్తుంది. "నువ్వు నన్ను తోశావు" అని మర్యాదగా చెప్పి, మర్నాడు అదే మనిషితో ఆడటం కష్టం. ఇంత చిన్న చిత్రంలో అన్నీ ఎలా పడతాయంటారా? పట్టకపోవచ్చు. అయినా కెరటాల మీద పెట్టిన కెమేరాని ఒక్కసారి వంటింటి గుమ్మం దాకా తెస్తే బాగుండును.

వంటింటి గుమ్మం అన్నాను కదా, ఆ రాత్రి సంగతీ చెప్పాలి. భోజనాల దగ్గర మా మరిదిగారు, పెళ్ళివారు వస్తారు కనక ఎండలో ఆ ఆట ఇక చాలన్నారు. నల్లబడిపోయిందని చెల్లెలి దిగులు కూడానూ. పిల్ల కంచంలోంచి తలెత్తి, గొంతు పెంచకుండా, "నాన్నా, ఇది ఫౌల్" అంది. ఆయన కాదన్నారు. ఇద్దరూ నావైపు చూశారు.

"నన్ను లాగకండి, నేను అంపైర్ని కాదు" అనబోయాను. దగ్గరగా చూసినవాళ్ళు చూసింది చెప్పాలన్న రూలు గుర్తొచ్చింది. పొద్దున్న ఇసకలో అది ఎలా నిలబడిందో, ఎలా మాట్లాడిందో చెప్పాను. మజ్జిగ అయ్యేదాకా మరిదిగారు నాతో మాట్లాడలేదు.

మర్నాడు అయిదున్నరకి తలుపు తీసిన చప్పుడైంది. చూద్దును కదా, మా చెల్లెలు దాని నీళ్ళసీసా నింపుతోంది.