ఆ మాట ఎవరు ఎవరిని అంటారు?

నార్మన్ లూయిస్ 1949లో రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' అంటే నాకు గౌరవం. తెలుగు మీడియంలో చదివి డిగ్రీకొచ్చిన నాకు, మాటను వేరుతో సహా పట్టుకోవడం నేర్పింది ఆ పుస్తకమే. ఒక్క ధాతువు తెలిస్తే పది మాటలు వచ్చేసేవి. ఈ మధ్య పాఠం చెప్పడానికి మళ్ళీ తెరిచి ఒక అధ్యాయం దగ్గర ఆగిపోయాను. శత్రువుల్ని ఎలా తిట్టాలో నేర్పే అధ్యాయం అది. పది రకాల మనుషులకు పది మాటలు. వాటిలో స్త్రీకి మాత్రమే వాడే మాట 'విరాగో'. అర్థం: నోరు పెట్టుకుని సాధించే ఆడది. దీనికి పర్యాయపదాలుగా చెప్పే మాటలు టర్మగెంట్, హారిడన్.

డిగ్రీలో ఈ మాట నేర్చుకున్న రోజు సొంతవాక్యం రాయమంటే, 'మా అమ్మ ఒక విరాగో' అని ఇంగ్లీషులో రాశాను. లెక్చరర్ ఎర్రసిరాతో టిక్కు పెట్టారు. ఆ వారమే అమ్మ పెదనాన్న గుమ్మంలో నిలబడి, మాకు రావలసిన కౌలు డబ్బులు వీధంతా వినేలా అడిగి తెచ్చింది. ఆ డబ్బుతోనే నా పరీక్ష ఫీజు కట్టాం. రాత్రి నోటుపుస్తకం చూసి "ఏం రాశావే?" అంది. "కొత్త మాట" అన్నాను.

నా వాక్యంలో వ్యాకరణం తప్పులేదు. తప్పు మరెక్కడో ఉంది. అమ్మను నేను పెదనాన్న కళ్ళతో చూశాను. నిర్వచనంలో మాట్లాడేవాళ్ళు కనిపించరు కదా, అందుకే అది ఎవరి అభిప్రాయమో అడగాలని తోచదు. అదే నిజమనుకుంటాం.

లాటిన్‌లో 'విర్' అంటే పురుషుడు. విరాగో అంటే వీరవనిత. లాటిన్ బైబిల్లో ఆదాము మొదటి స్త్రీని పిలిచిన మాట ఇదే. టర్మగెంట్ మొదట స్త్రీ కానే కాదు. మధ్యయుగాల యూరప్ క్రైస్తవులు ముస్లింలకు అంటగట్టిన కల్పిత దేవుడు, నాటకాల్లో కేకలేసే పాత్ర. పరమతం మీది ద్వేషం చివరికి ఆడదాని గొంతు మీదికొచ్చింది! ఇంత చరిత్ర ఉన్న మాటల్ని సమానార్థకాలుగా పక్కపక్కన పేర్చి బట్టీ పట్టిస్తే మిగిలేది తిట్టే. మన 'గయ్యాళి' మాత్రం తక్కువా? ఆ మాట వినగానే మగవాడు గుర్తొస్తాడా?

ఈ మాటల్ని పారెయ్యమని నేననను. ఇంగ్లీషు మన ఆడపిల్లలకు ఉద్యోగం, ఊరు దాటే దారి. 1973లో లండన్‌లో కార్మెన్ కాలిల్ స్త్రీల రచనల కోసం ప్రచురణ సంస్థ పెట్టి, దానికి విరాగో అనే పేరే ఎంచుకున్నారు. మాటను తిరిగి తెచ్చుకోవడమంటే అదీ.

ఇప్పుడు మా క్లాసులో అర్థం, పర్యాయపదం పక్కన మూడో గడి కూడా గీయిస్తున్నాను: ఈ మాట ఎవరు, ఎవరిని, ఏం అడిగినందుకు అంటారు? ఆ గడి నింపడానికే పిల్లలకు ఎక్కువసేపు పడుతోంది. పట్టనీ.