చేపకు దారి: ఫ్రాన్సిస్ డే నివేదికపై విమర్శ

మదరాసు వైద్యశాఖలో పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1873లో భారతదేశపు, బర్మా దేశపు మంచినీటి చేపలపై నివేదిక ప్రకటించెను. చేపలు తరుగుటకు ఆనకట్టలు, సన్నకంటి వలలు కారణములనియు, ఆనకట్టలలో చేపలకు దారి విడువవలెననియు ఆయన వాదించెను. ఈ వాదము నేటికిని సరియైనదే. కాని శీతోష్ణస్థితియే మారిపోవునను ఊహ అందు కానరాదు. కొరత ఇచటనే యున్నది.

25 డిగ్రీల సెంటిగ్రేడు మంచినీటిలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును; 35 డిగ్రీలలో 7 మాత్రమే. వేడిమి హెచ్చినకొలది చేపకు కావలసిన వాయువు పెరుగును, దొరకునది తరుగును. నెల్లూరు తీరమున వానాధారపు చెరువులకు ఈశాన్య ఋతుపవనమే ముఖ్యము. అది తప్పిన ఏడు చెరువులు త్వరగా అడుగంటి, మిగిలిన నీరు కాగిపోవును. పైగాలిని పీల్చగల కొర్రమీను కొంత తాళును. మొప్పలనే నమ్ముకొన్న శీలావతి తాళలేదు.

ఏటిలోని చేప అట్టి వేళ లోతైన మడుగునకు చేరవలెను. అడ్డుకట్ట ఉన్నచో ఎటు పోవును? పెన్నపై నెల్లూరు, సంగముల వద్ద 2022లో కొత్త బ్యారేజీలు ప్రారంభమైనవి. కనుక డే కోరిన దారి నేడు సంతానోత్పత్తికే కాదు, ప్రాణరక్షణకును అవసరము. ఉపాధ్యాయులు ఈ నివేదికను పరిచయము చేయునపుడు, విద్యార్థులను వెంటబెట్టుకొని చెరువునీటి వేడిమిని కూడ కొలిపింపవలెను. డే విడిచిన పుట అదియే.