ఉత్తరము వచ్చినదా? — కంప్యూటరు తెరవెనుక విచారణ

ఇంటి కంప్యూటరుపై ఒకరు లెక్కలు వ్రాసికొనుచుండగా, తెరవెనుక మెయిలు ప్రోగ్రాము తన పని తాను చేయుచునే యుండును. దూరముననున్న సర్వరును పలుకరించి "ఉత్తరము లేమైన వచ్చినవా?" అని అడుగుటయే ఆ పని. థండర్‌బర్డ్ అను ప్రోగ్రామునందు పది నిమిషముల గడువు ముందుగనే అమర్చబడి యుండును. యజమాని కోరనక్కరలేదు.

పది నిమిషముల కొకసారి యన్న దినమునకు 144 పర్యాయములు. రోజునకు పది ఉత్తరములు వచ్చు ఇంట కనీసము 134 పర్యాయములు వట్టిచేతులతో మరలవలసినదే. ఇంత తిరిగియు ఉత్తరము సగటున అయిదు నిమిషములు ఆలస్యముగ అందును. ఆలస్యమును అరనిమిషమునకు తగ్గింపవలెనన్న దినమునకు 1440 పర్యాయములు అడుగవలెను. తపాలా కచేరి కిటికీకడ నిలిచి గుమాస్తాను నిమిషమున కొకమారు వేధించువానిని ఊరివారేమందురో చెప్పనక్కరలేదు. నేటి తీగలకు ఈ ప్రశ్నలు బరువు కావు. టెలిఫోను తీగపై ఇంటర్నెట్టు నడిచిన దినములలో మాత్రము మోడెము తనంతట తాను నంబరు త్రిప్పిన ప్రతిసారియు బిల్లు పెరిగెడిది.

ఈ యాచన మొదటినుండియు ఉన్నది కాదు. 1980లో బర్క్లీ విశ్వవిద్యాలయపు యూనిక్సుతో 'బిఫ్' అను చిన్న ప్రోగ్రాము వెలువడెను. అది అచ్చటి ఒక కుక్క పేరు. ఉత్తరములు ఆ యంత్రమునకే వచ్చెడివి గనుక బట్వాడా చేయు ప్రోగ్రామే కబురు పంపెడిది. అడుగవలసిన పని లేదు. 'బిఫ్ వై' అని ఆజ్ఞ యిచ్చిన పలుకును, 'బిఫ్ ఎన్' అనిన ఊరకుండును. మర్యాద మాత్రము తక్కువే: పని నడుమ ఉత్తరపు మొదటి పంక్తులను తెరపై కుమ్మరించెడిది. అయినను పలుకుటకు అనుమతి మనిషి చేతనుండెను.

ఇంటి కంప్యూటరు రాత్రులు ఆరియుండును. కావున ఉత్తరములు సర్వరునందు నిలువయుండి, అడిగినప్పుడు అందు పద్ధతి యవసరమయ్యెను. 1984లో వచ్చిన 'పాప్' పద్ధతి అట్టిది. దాని మూడవ రూపమున ఒక చిక్కు కలదు. తెచ్చుకొనిన ఉత్తరమును సర్వరునుండి తుడిచివేయునట్లు అమర్చినచో, ఎవరును లేని ఇంటిలో వెలుగుచున్న కంప్యూటరు పది నిమిషముల కొకసారి ఉత్తరములను లాగికొనును. కచేరిలో కూర్చున్న యజమానికి పెట్టె ఖాళీగా కనబడును.

1997లో 'ఐమాప్' పద్ధతికి 'ఐడిల్' అను ఆజ్ఞ చేరెను. "కాచుకొనియున్నాను" అని కంప్యూటరు ఒకసారి చెప్పిన చాలును. ఉత్తరము రాగానే సర్వరే తెలుపును. సంబంధము తెగకుండుటకై 29 నిమిషముల లోపల ఆ మాట మరల చెప్పవలెను. నడుమనున్న రౌటరు ఒక్కొక్కప్పుడు చడీచప్పుడు లేక ఆ సంబంధమును మరచును. అందుచేత అడుగు పద్ధతిని పూర్తిగ త్రోసిపుచ్చుట తగదు.

అసలు దోషము అడుగుటలో లేదు, వెంటనే గంట కొట్టుటలో నున్నది. 2015లో ప్రకటితమైన బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు పరిశోధనలో 124 మంది ఒక వారము రోజునకు మూడుసార్లు, మరియొక వారము ఇష్టమువచ్చినన్ని సార్లు మెయిలు చూచిరి. మూడుసార్లే చూచిన వారమున మానసిక ఒత్తిడి తగ్గెను. అచ్చట లెక్కకు వచ్చినవి మనిషి చూచిన పర్యాయములు. యంత్రము అడిగినవి గావు. గడువును పది నుండి అరువది నిమిషములకు పెంచుకొను గృహస్థుడు తప్పుచోట మందు వేయుచున్నాడు. గంట ఎట్లును మ్రోగును, ఆలస్యముగ మ్రోగును, అంతే. విచారణను సాగనిచ్చి, శబ్దమును, తెరమూలన పైకి లేచు చీటీని ఆపివేయుట మేలు.

అమెరికాలోనున్న కుమారుని ఉత్తరమునకై కాచుకొనియున్న తల్లికి ఈ సలహా రుచింపదు, న్యాయమే. ఆపిల్ వారి మెయిలు ప్రోగ్రామునందు 2012 నుండి ఎంచుకొనిన కొందరి ఉత్తరములకు మాత్రమే కబురు తెలుపు ఏర్పాటు కలదు. అది అమరికల పుటలలో ఎచ్చటనో అణగియుండక, ప్రోగ్రామును నెలకొల్పు మొదటి దినముననే అడుగవలసిన ప్రశ్న.