వ్యూహక్రీడల్లో కాఠిన్యం - పునఃక్రీడార్హత: పులిజూదం, నిషిద్ధాక్షరి ఆధారంగా పరిశీలన

1. ప్రస్తావన:

యానిమేషన్, గేమింగ్ రంగాలకు తెలంగాణ ప్రభుత్వం 2016లో ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. దేశంలోని గేమ్ నిర్మాతల వార్షిక సమావేశానికి హైదరాబాదు పలుమార్లు వేదికయింది. కంప్యూటర్ ఆటలో తెలుగుదనం అనగానే సాధారణంగా పాత్రలు, కోటలు, వేషభాషలు స్ఫురిస్తాయి. సంస్కృతి ఆట నియమంలోనూ ఉంటుందనీ, వ్యూహక్రీడను మళ్ళీ మళ్ళీ ఆడించే శక్తి ప్రధానంగా ఆ నియమానిదేననీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సంఖ్యాగత కాఠిన్యం:

సివిలైజేషన్-6 (2016)లో అత్యున్నత స్థాయి ‘డీటీ’. అక్కడ కంప్యూటర్ ప్రత్యర్థి ఆలోచనలో మెరుగుపడదు. ఆటగాడు ఒక వలసదళంతో మొదలుపెడితే, అది మూడింటితో మొదలుపెడుతుంది. ఉత్పత్తిలోనూ, యుద్ధబలంలోనూ దానికి అదనపు లాభం ఉంటుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2 (1999) కూడా అత్యంత కఠిన స్థాయిలో కంప్యూటరుకు అదనపు వనరులిచ్చింది. 2019 నాటి కొత్త రూపంలో ఆ సాయం లేకుండానే పోరాడే ప్రత్యర్థి వచ్చింది. సంఖ్య పెంచితే గెలుపు ఆలస్యమవుతుంది. తొలి వెనుకబాటును పూడ్చే మార్గం తెలిశాక ఆలోచన పునరుక్తమవుతుంది. సివిలైజేషన్ మళ్ళీ ఆడాలనిపించడానికి ప్రతిసారీ మారే పటం కారణం గానీ, ఈ లాభం కాదు.

3. నియమగత కాఠిన్యం:

పులిజూదం ప్రసిద్ధ రూపంలో పులులు 3, మేకలు 15. పులి మేకపైనుంచి దూకి చంపుతుంది. మేకలు గుంపుగా కదిలి పులిని కట్టడి చేస్తాయి. ఇరుపక్షాల బలం, లక్ష్యం వేరు. పక్షం మారితే అదే పటం కొత్త ఆటవుతుంది.

అవధాన విద్యలో ఈ భేదం మరింత స్పష్టం. సమస్యాపూరణంలో చిక్కు ముందే స్థిరపడి ఉంటుంది. విడిన ముడిని అదే అవధానికి మళ్ళీ ఇవ్వడంలో స్వారస్యం లేదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అవధాని వేయబోయే అక్షరాన్ని ఊహించి, దానినే నిషేధిస్తాడు. కాఠిన్యం అవధాని ఆలోచన నుంచే పుడుతుంది. వస్తువు, ఛందస్సు అవే అయినా పద్యం వేరవుతుంది. పైగా నిషేధం అవధానిని నిర్బంధిస్తుందే తప్ప పద్యాన్ని ఆపదు.

ఇక్కడొక ఆక్షేపానికి అవకాశముంది. పులిజూదం పరిమితమైన ఆట. ఎత్తులన్నీ లెక్కించగల యంత్రం ముందు మనిషి నిలవలేడు. ఆ లెక్కను తగ్గించి సులభస్థాయి కల్పించడమూ సంఖ్యాగత పద్ధతే. కావలసింది తప్పు చేయని ప్రత్యర్థి కాదు, ఆటగాడి అలవాటును గుర్తించి దానికి అడ్డుపడే పృచ్ఛకుని వంటి ప్రత్యర్థి.

4. ముగింపు:

పులి బొమ్మను అందంగా గీసినంత మాత్రాన పులిజూదం సైబరాబాద్ తెరపైకి రాదు. పావుల సంఖ్య, గీతల అమరిక ప్రాంతాన్నిబట్టి మారే ఆట ఇది. ఆ భేదాలు ఆడేవారి జ్ఞాపకంతోపాటే అంతరించకముందే నమోదు కావాలి. ఆ పని సాఫ్ట్‌వేర్ సంస్థలకన్నా ముందు తెలుగు శాఖలది.