తోలుబొమ్మలు - ఫ్రేముల కాలనిర్ణయము

చలనచిత్రమునందు సెకనునకు 24 ఫ్రేములు చూపుట వాడుక. గీతబొమ్మల చిత్రములలో ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపి, 12 బొమ్మలతోనే సెకనును గడపుటయు కలదు. కావున బొమ్మల సంఖ్యకన్న, ఏ బొమ్మ యెంతసేపు నిలువవలెననునదే ముఖ్యము. ఈ నిలుకడ విలువ తోలుబొమ్మలాటగాండ్రకు క్రొత్తది కాదు.

ఆంధ్రదేశపు తోలుబొమ్మ పెద్దది. భుజము, మోచేయి, నడుము, మోకాలు కీళ్లతో కదలును. కన్నడదేశపు తొగలుగొంబె సాధారణముగా చిన్నది; కొన్నిట ఒకే తోలుపై పలు పాత్రలుండును. మొదటిదానికి కదలిక, రెండవదానికి నిలుకడ ప్రాణము. ఈ రెండు సంప్రదాయముల పొలిమేర బళ్లారి సీమ. అచ్చటి బెళగల్లు వీరన్న (మరణము 2023) స్వాతంత్ర్యసమర కథలను సైతము తోలుబొమ్మలతో నాడించెను.

ఇట్టి బొమ్మలను కంప్యూటరుపై కదలించువారు ఫ్రేములన్నిటికి సమకాలము నిచ్చి, నడిమి బొమ్మలను యంత్రముచే నింపించుట పొరపాటు. అప్పుడు భీముని గద నూనెపై జారినట్లుండును, దెబ్బకు బరువుండదు. గద యెత్తిన బొమ్మను 12 ఫ్రేములు నిలిపి, దెబ్బను 2 ఫ్రేములలో ముగించి, పిమ్మట మరల నిలిపినచో ఆటగాని హస్తలాఘవము తెరపై కనబడును. ఒకే తోలుపై చెక్కిన సభాదృశ్యమునకు ఇంతకంటె దీర్ఘమైన నిలుపుదల కావలెను. ప్రేక్షకుని కన్ను అందలి ముఖములన్నిటిని చూచి రావలెను గదా!

ఊరి తెరయెదుట కూర్చుండని బాలురకు ఈ చిన్న చిత్రములే తోలుబొమ్మలాట యగును. అందు కాలము తప్పినచో, బొమ్మ మిగిలియు ఆట మిగులదు.