కన్నప్ప కన్ను, ఘినువా విల్లు

రెండేళ్ళ కిందట మా ఐదో తరగతి పిల్లలను ‘మా ఇంటి పండుగ’ అని వ్యాసం రాసుకు రమ్మన్నాము. చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల పల్లెల పిల్లలు కదా, ఉగాది, సంక్రాంతి, పీర్ల పండుగ రాసుకొచ్చారు. మా ఎరుకలవాళ్ళ పిల్లవాడొకడు మాత్రం వేట గురించి రాశాడు. వాడు చూసిన వేట కాదు, వాళ్ళ తాత చెప్పిన వేట. అటక మీది నాటు తుపాకి దించి తుడవడం, గొట్టంలో మందు పోసి, పీచు దూర్చి, గుండ్లు వేసి కడ్డీతో గట్టించడం, నీటి గుంట దగ్గర పొద చాటున రాత్రంతా కూర్చోవడం, తెల్లారినా జింక రాకపోవడం. తాత ఉత్త చేతులతో ఇంటికొస్తే అవ్వ ఏమీ అడగకుండా సంగటి ముద్ద పెట్టిందట. వ్యాసం అక్కడితో అయిపోయింది.

మేము దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టాము. కింద ‘పండుగ గురించి రాయి’ అని రాసిచ్చాము.

తరగతి మొత్తంలో చదవదగిన వ్యాసం అదొక్కటే. ఆ సంగతి గీత కొట్టేటప్పుడే మాకు తెలుసు. భయంతో కొట్టామని చెప్పుకోవచ్చు. ఆ నోటుపుస్తకం ఎవరి చేతిలోనన్నా పడితే ఆ ఇంటికి ఏమవుతుందోనన్న భయం నిజమే. కానీ భయం సగమే, మిగతా సగం సిగ్గు. వేట అనే మాట మన ఇళ్ళలోంచి బడిలోకి వచ్చేసరికి దొంగతనం లాగా ఎందుకు మారిపోతుంది? అదే వేట గుడి పైకప్పు మీద, సినిమా తెర మీద ఉంటే చేతులు జోడించి ఎందుకు చూస్తాం? ఈ వ్యాసం ఆ ఎర్ర గీత గురించే.

1976లో మన దేశంలో వేటగాడి మీద రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి బాపు తీసిన ‘భక్త కన్నప్ప’. కృష్ణంరాజు తిన్నడు. ఇది మన పల్లెల్లో చూడనివాళ్ళు తక్కువ. రెండోది మృణాల్ సేన్ తీసిన ‘మృగయా’. ఒడియా రచయిత భగవతీ చరణ్ పాణిగ్రాహి రాసిన ‘శికార్’ అనే కథ దానికి ఆధారం. మిథున్ చక్రవర్తికి అదే మొదటి సినిమా. ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా, ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డులు వచ్చింది దీనికే. మన వాళ్ళల్లో చూసినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

కన్నప్ప సినిమాలో మాకు చిన్నప్పుడు రోమాలు నిక్కబొడుచుకున్నది కిరాతార్జునీయం పాటకు. ఇప్పుడు అదే చోట ముల్లు గుచ్చుకుంటుంది. ఎందుకంటే ఆ కథలో తిన్నడు ఊరికే తిన్నడు కాదు, పోయిన జన్మలో అర్జునుడు. కోయవాడో, చెంచువాడో, ఎరుకలవాడో వాడి మటుకు వాడు గొప్ప భక్తుడు కావడం కుదరదన్నమాట. వాడి లోపల ఒక క్షత్రియుడు దాగి ఉండాలి. అప్పుడు గాని వాడి గురి మీద మనకు నమ్మకం కుదరదు.

హిందూపురం దాటి పోతే లేపాక్షి. అక్కడి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో ఇదే కథ ఉంది. విజయనగర కాలపు పని, పదహారో శతాబ్దం. బడి పిల్లలను తీసుకుపోయిన ప్రతిసారీ మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూపిస్తాము. అడవి పందికి రెండు బాణాలు తగిలాయి. ‘నా వేట’ అంటాడు అర్జునుడు, ‘నా వేట’ అంటాడు కిరాతుడు. అడవిలో వేటాడేవాళ్ళ దగ్గర ఇంతకంటే పాత తగువు లేదు. బాణం ఎవరిది, మొదట తగిలింది ఎవరిది, పంపకం ఎట్లా? కథలో ఆ తగువు కిరాతుడి పక్షాన తెగింది. తెగడానికి కారణం వాడి మాటలో న్యాయం ఉండటం కాదు, వేషం తీస్తే వాడు శివుడు కావడం. శివుడు కాని కిరాతుడు ఆ మాటే అని ఉంటే ఏమయ్యేదో బొమ్మ గీసినవాళ్ళు గీయలేదు. పోయినసారి ఒక ఆడపిల్ల అడిగింది: ‘సార్, ఉత్త ఎరుకలాయనే అయ్యుంటే పంది ఎవురికి పోయేది?’ మేము గైడుగారి వైపు చూశాము. ఆయన స్తంభాల వైపు నడిచాడు.

ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు ఇంతకంటే నిజమైన మనిషి. ప్రబంధ కవులకు వేట వర్ణన ఇష్టమైన ఘట్టమే అయినా, చాలామంది రాజు గుర్రం మీద నుంచి చూసి రాశారు. ధూర్జటి మాత్రం కిందికి దిగాడు. దేవుడికి ఆకలవుతుందని మాంసం తెచ్చిపెట్టే ఆ ఎరుకువాడి మాటల్లో మన తాతల గొంతు కొంత వినిపిస్తుంది. తాను రుచి చూసి మంచి ముక్క ఎదుటివాడికి పెట్టడం మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉంది. అయినా కథ ఎక్కడికి పోతుంది? ఒక కన్ను పెరికి పెట్టి, రెండో కంటికి బాణం ఎత్తిన తర్వాత గాని దేవుడు చెయ్యి పట్టుకోలేదు. వేటగాడి ఆస్తి కన్ను. ఆ ఆస్తిని అప్పగించాకే వాడికి గుళ్ళో చోటు దొరికింది. భక్తి తక్కువ చేసి మాట్లాడుతున్నామని పెద్దలు కోప్పడవద్దు. కాళహస్తికి మేమూ పోతాము, మొక్కుతాము.

‘మృగయా’లో ఘినువాది ఇంకో రకం నమ్మకం. అతనికి మంచి గురి ఉంది. వేట పిచ్చి ఉన్న తెల్ల దొరతో స్నేహం కుదిరింది. పెద్ద వేట తెస్తే పెద్ద బహుమానం అని దొర మాట. ఊళ్ళో వడ్డీ వ్యాపారి ఘినువా పెళ్ళాన్ని ఎత్తుకుపోతాడు. ఘినువా వాణ్ణి చంపుతాడు. అడవిలో అంతకంటే క్రూర మృగం లేదు కనుక సంతోషంగా దొర దగ్గరికి పోయి చెబుతాడు. అంతకు ముందే ఒక తిరుగుబాటుదారుణ్ణి చంపినవాడికి సర్కారు బహుమానం ఇవ్వడం అతను చూశాడు. తనకు ఉరి ఎందుకో అతనికి చివరిదాకా అర్థం కాదు. వేటకు పోయేవాడికి ఉండే ఆశ మొత్తం ఆ అర్థం కాకపోవడంలో ఉంది. గురి తప్పకపోతే ఫలితం దక్కుతుందనే ఆశ అది. తిన్నడికి కన్ను పోయినా మోక్షం వచ్చింది. ఘినువాకు గురి కుదిరినా ఉరి వచ్చింది. మనకు మొదటి సినిమానే చూపించారు, రెండోది చూపించలేదు.

షికారు పుస్తకాల సంగతి కూడా చెప్పాలి. కెన్నెత్ ఆండర్సన్ మన బొలారంలో 1910లో పుట్టిన మనిషి. బెంగుళూరులో ఉండి చిత్తూరు, సేలం అడవుల్లో తిరిగి రాశాడు. వాటిల్లో మాకు నచ్చింది పులి కథలు కాదు, బైరా అనే పూజారి తెగ మనిషి కథ. పాత నాటు తుపాకి పెట్టుకుని ఏటి ఒడ్డున గుంటలో దాక్కుని జింక కోసం కాపు వేసిన బైరాను ఆండర్సన్ పట్టుకుంటాడు, అప్పగించడు. స్నేహం ఏళ్ళ తరబడి సాగుతుంది. ప్రేమగానే రాశాడు, కాదనము. కానీ ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే ఉన్నాయి, ఇద్దరూ జంతువుల కోసమే వచ్చారు. దొర చేసింది షికారు, బైరా చేసింది దొంగవేట. మధ్యలో తేడా ఒక లైసెన్సు కాగితం. అడుగుజాడ చూసి ఆడదో మగదో, ఎంతసేపటి కిందట పోయిందో చెప్పిన బైరాలు పుస్తకం రాయలేదు. రాసుంటే దొర ఎట్లా కనిపించేవాడో చదవాలని ఉంది.

ఆ కాగితం గురించి మన యువకులు తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు వేట ఒక్కసారిగా ఆగలేదు. లైసెన్సు తీసుకుని వేటాడే పద్ధతి చట్టంలోనే ఉండేది. అది 1991 సవరణతో పోయింది. పంట కాపలా కోసం గొట్టంలో మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని 1959 ఆయుధాల చట్టంలో ఉంది. అంటే తుపాకి ఉండవచ్చు గానీ జింకను కొట్టకూడదు. కృష్ణజింకను కొడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. 2018లో జోధ్‌పూర్ కోర్టు ఒక పెద్ద హిందీ సినిమా నటుడికి కృష్ణజింకల కేసులో ఐదేళ్ళ శిక్ష వేసింది. రెండు రోజుల్లో బెయిలు వచ్చింది. మన గూడెంలో అయితే బెయిలుకు జామీను నిలబడేవాడు దొరకడానికే నెలలు పడుతుంది.

2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులను ఒప్పుకుంటూనే, వేట హక్కును మాత్రం పేరు పెట్టి తీసివేసింది. ఇక్కడ మా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. జింకను కొట్టే హక్కు తిరిగి ఇవ్వమని మేము అడగడం లేదు. ఉరవకొండ, గుంతకల్లు వైపు రేగడి చేలల్లో కృష్ణజింకలు పంట మేస్తున్నాయని రైతు ఏడవడం నిజం. మా వైపు కొండల్లో ఇప్పుడిప్పుడే గడ్డి లేచి జంతువు కనబడటమూ నిజం. మన కుర్రాళ్ళు కొందరు తుపాకి కూడా కాదు, కరెంటు తీగలు పరిచి పడుకుంటున్నారు. తీగకు జింక తగిలినా ఒకటే, గొర్రెల కాపరి తగిలినా ఒకటే. అందులో అడుగుజాడ చదవడం లేదు, గాలి చూసుకోవడం లేదు, కాపు కాయడం లేదు. దాన్ని వేట అనడానికి మాకు నోరు రాదు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఏటా నవంబరు 15న తుపాకితో జింకల వేట మొదలవుతుంది. నెలాఖరుదాకా ఉంటుంది. కొన్ని బడులకు ఆ రోజు సెలవు. వేటకు ముందు ఏం ఆశపడ్డారో, చలిలో ఎన్ని గంటలు కూర్చున్నారో, ఎట్లా గురి తప్పిందో తాతలూ మనవళ్ళూ సిగ్గు లేకుండా చెప్పుకుంటారు, రాసుకుంటారు. పక్కనే విస్కాన్సిన్‌లో ఒజిబ్వే ఆదివాసులు 1837, 1842 ఒప్పందాల్లో వదులుకోని వేట హక్కును 1983లో కోర్టు చేత ఒప్పించుకున్నారు. ఆ తర్వాత వాళ్ళు చేపలకు పోతే ఒడ్డున నిలబడి తిట్టినవాళ్ళూ ఉన్నారు. అయినా వాళ్ళ వేట వాళ్ళ బడి పుస్తకాల్లోకి ఎక్కింది. మనకు హక్కు పోయింది సరే, జ్ఞాపకం కూడా పోవాలా?

ఇలాంటి సంకలనాలకు మన యువకులు పంపే కవితల్లో వేట రెండు రకాలుగా వస్తోంది. అసలు రాకపోవడం ఒకటి. రెండోది విల్లు, బాణం, పులి, రక్తం, ‘మేము అడవి బిడ్డలం’ అనే కేక. రాసిన కుర్రాడు పులిని చూసి ఉండడు, వాళ్ళ నాయన కూడా చూసి ఉండడు. ఆ కేక సినిమాలోని తిన్నడిది, వాళ్ళ తాతది కాదు. వాళ్ళ తాత వేటలో ఎక్కువ భాగం ఎదురుచూపు. దోమలు, తడిసిన మందు, గార్డు సైకిలు చప్పుడు, పది రాత్రులకొక చెవులపిల్లి, దాన్ని ఆరు ఇళ్ళకు పంచడం. 1952 దాకా మన పెద్దలకు నేరస్థ జాతి అని ముద్ర కూడా ఉంది కాబట్టి, రాత్రి పూట ఇంట్లో కనబడకపోవడమే ఒక నేరం. ఇవి రాసిన కవిత మాకు ఇంతవరకు ఒక్కటి రాలేదు.

మా తరగతిలో మాత్రం ఒకటి వచ్చింది, మేము కొట్టేశాము.

పోయిన సంక్రాంతి సెలవుల ముందు ఆ పిల్లవాణ్ణి పిలిచాము. ఇప్పుడు వాడు హైస్కూల్లో ఉన్నాడు. ఆ వ్యాసం మళ్ళీ రాసివ్వగలవా అని అడిగాము. ‘నోటుపుస్తకం పాతకాగితాలకు వేసేసినాం సార్’ అన్నాడు. తాత ఉన్నాడా అంటే ఉన్నాడన్నాడు, చూపు ఆనడం లేదట. ఆదివారం మేమే వస్తామన్నాము. వాడు కాసేపు నిలబడి, ‘తుపాకి మాట కూడా రాయొచ్చా సార్?’ అని అడిగాడు. రాయమన్నాము.